గుర్రాలు గెలిపించిన చదరంగం సెట్టు

పోటీల్లో వాడే స్టాంటన్ నమూనాలో చేసిన ఒక చెక్క చదరంగం సెట్టును ఆరు నెలలుగా వాడుతున్నాను. రాజు ఎత్తు 95 మిల్లీమీటర్లు. తెల్ల పావులు బాక్స్‌వుడ్ అనే లేత రంగు గట్టి చెక్కవి, నల్లవి అదే చెక్కకు రంగు పట్టించినవి. పెట్టె తెరవగానే ముందు గుర్రాలనే చేతిలోకి తీసుకున్నాను. తక్కిన పావులన్నీ లేత్ యంత్రంపై తిరుగుతూ ఆకారం తెచ్చుకునేవే. గుర్రం తలను మాత్రం ఉలి పట్టిన మనిషి చెక్కవలసిందే గనుక, చెక్క సెట్టు ఖరీదూ పనితనమూ చాలావరకు అక్కడే తేలిపోతాయి.

వీటి జూలు పాయలు పాయలుగా విడివడి ఉంది, దవడ కింద లోతుగా తొలిచారు, కొద్దిగా తెరిచిన నోట్లో పళ్ల వరుస కూడా కనిపిస్తుంది. నాలుగింటినీ పక్కపక్కన నిలిపితే ఒక నల్ల గుర్రం మెడ కాస్త ముందుకు వంగి ఉంది. చేతిపనిలో ఆ మాత్రం తేడాను నేను లోపంగా లెక్కించను. తలను విడిగా చెక్కి పీఠానికి అతికించిన చోటు గోటితో తడిమితే తప్ప తెలియదు.

1849లో నథానియేల్ కుక్ నమోదు చేయించగా లండన్‌లోని జాక్స్ సంస్థ తయారుచేసిన ఈ నమూనాకు అప్పటి మేటి ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ పేరు పెట్టారు. మనం ఏనుగు అనే పావు ఇక్కడ కోట బురుజుగా, శకటు నెత్తిన చీలిక ఉన్న బిషప్ టోపీగా కనిపించడం తెలుగులో ఆడేవారికి వింతే అయినా, బల్లకు ఏ వైపు నుంచి చూసినా ఒకదాన్ని మరొకటిగా పొరబడే వీలు లేదు. 1920లలో జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో జోసెఫ్ హార్ట్‌విగ్ రూపొందించిన సెట్టులో శకటు ఐమూలగా నడుస్తుందని ఎక్స్ ఆకారంలోనే ఉంటుంది. ఆలోచన చక్కనిదే గాని, గడియారం పెట్టుకుని ఆడేటప్పుడు నాకు స్టాంటన్ పావులే కావాలి.

పెట్టెపై ‘మూడింతల బరువు’ అని ఉంది. దేనికి మూడింతలో తేల్చే ప్రమాణమేదీ లేదు కాబట్టి ఆ మాటను నమ్మి కొనకూడదు. అడుగున తొలిచి లోహం నింపి, పైన పచ్చబట్ట అంటించారు. రాజును వేలితో బాగా వంచి వదిలినా తిరిగి నిలబడింది. అయితే రెండు బంట్ల బట్ట నెలలోపే ఊడిపోయింది, మొదటి రెండు వారాలు నల్లరంగు వేళ్లకు అంటుకుంది. సహజంగానే నల్లగా ఉండే అసలైన ఎబొనీ చెక్కకు ఆ రంగు బెడద లేకపోయినా, సరిగా ఆరని చెక్క లోపలి లోహం చుట్టూ కుంచించుకుని పగిలే ప్రమాదముంది గనుక, మళ్లీ కొన్నా రంగు వేసినవే కొంటాను.

కూడా ఇచ్చిన బల్ల విషయంలో మాత్రం రాజీపడలేను. ఒక గడిలో నాలుగు బంట్లు పట్టాలని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే సూచిస్తుంది. ఈ బంటు పీఠం వెడల్పు 29 మిల్లీమీటర్లు, గడి 55 మాత్రమే. ఆట మధ్యలో మంత్రిని కదపబోతే పక్కనున్న శకటు కూడా కదులుతోంది. పావులను ఉంచుకుని, 60 మిల్లీమీటర్ల గళ్ల బల్లను వేరుగా తెప్పించుకున్నాను.