ఒహాయోలో ఎండల అక్టోబర్, బో హంటింగ్: ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి

ఒహాయోలో జింకల్ని బాణంతో వేటాడే ఆర్చరీ సీజన్ సెప్టెంబర్ ఆఖర్లో మొదలై ఫిబ్రవరి మొదటి వారం దాకా నడుస్తుంది, కానీ మా బావమరిదికి ఆఫీసులో ప్రాజెక్ట్ రిలీజ్ అయ్యాక లీవ్ దొరికింది అక్టోబర్ మొదట్లో. ఫోన్‌లో చూస్తే మధ్యాహ్నం 84 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 29 సెల్సియస్. ఈ ఎండకి జింకలు కదలవు, క్యాన్సిల్ చేసుకోండి అని ఆఫీసులో వేటకి వెళ్ళే వాళ్ళందరూ అన్నారు. కదలకపోవడం కాదండీ, మనం చూడగలిగే టైంలో కదలవు. అప్పటికే వాటికి ఎర్ర బొచ్చు రాలిపోయి చలికాలం దట్టమైన బూడిదరంగు బొచ్చు వచ్చేసి ఉంటుంది, మే నెల బెజవాడలో స్వెటర్ వేసుకుని తిరిగినట్టే వాటి పరిస్థితి. అందుకే పగలంతా నీడలో పడుకుని చీకటి పడే ముందు లేస్తాయి, అసలు తిరుగుడంతా రాత్రిపూటే.

ముందు డబ్బు కట్టి వెళ్ళిన ప్రైవేట్ ఫామ్ గురించి చెప్తా, ఎందుకంటే అక్కడే ఎక్కువ వదిలింది. రూమ్ శుభ్రంగా ఉంది, ఏసీ ఉంది, భోజనం పర్లేదు. కానీ స్టాండ్, అంటే చెట్టుకి కట్టి పైన కూర్చునే సీటు, పెట్టింది బట్టబయలు ఫుడ్ ప్లాట్ (జింకల కోసం వేసే మేత పైరు) అంచున, పడమటి ఎండ సూటిగా మొహం మీదే. జింకలు తిరిగే దారిలో పెట్టిన ట్రెయిల్ కెమెరా ఫోటోలు ఫామ్ ఓనర్ గొప్పగా చూపించాడు, టైం చూస్తే అన్నీ రాత్రి పదకొండు, రెండు, మూడు. ఒహాయోలో సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే బాణం వెయ్యాలి, మరి ఆ ఫోటోలు ఏం చేసుకోవాలి? లోపల అడవిలో వాగు పక్కన కూర్చోబెట్టమంటే అది వేరే ప్యాకేజీ అన్నాడు. పైగా మాంసం పెట్టడానికి వాకిన్ కూలర్ (గదంత ఫ్రిజ్) లేదు, ఊళ్ళో జింకని కోసి మాంసం ప్యాక్ చేసిచ్చే ప్రాసెసర్ ఆదివారం మూసేస్తాడట. నవంబర్ చలిలో అయితే నడిచిపోతుందేమో గానీ ఎండల్లో మాత్రం ఇలాంటి చోటుకి వెళ్ళకండి.

వేన్ నేషనల్ ఫారెస్ట్ దీనికి పూర్తిగా ఉల్టా. కొలంబస్ నుంచి 33 హైవే మీద నెల్సన్‌విల్ వైపు గంట పైచిలుకు డ్రైవ్, 2.4 లక్షల ఎకరాల పైన పబ్లిక్ అడవి, అన్నీ గుట్టలు, వాటి మధ్య లోతైన లోయలు. ఉత్తరం వైపు వాలుల్లో మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది, వైట్ ఓక్ కాయలు రాలే టైం కూడా అదే, అంటే తిండీ నీడా ఒకే దగ్గర దొరుకుతున్నప్పుడు జింక పొలాల్లోకి రావాల్సిన పనేముంది. చోటు బంగారం, కానీ సిగ్నల్ ఉండదు, టెంట్‌లో ఉక్కపోత, పురుగులు, బట్టలకి పర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టకుండా వెళ్తే టిక్స్ (రక్తం తాగే పిడుదులు) పట్టుకుంటాయి. లోపల ఒక మైలు దూరంలో జింక పడితే ఆ వేడిలో బయటికి లాక్కొచ్చేసరికి మన పని అయిపోతుంది. ఇంకోటి, 2025లో ఏథెన్స్ కౌంటీ వైపు ఈహెచ్‌డీ గట్టిగా కొట్టింది, చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు కుట్టి వచ్చే జబ్బు అది, జింకలు జ్వరంతో నీళ్ళ దగ్గరికి వచ్చి అక్కడే చచ్చిపోతాయి, గట్టి మంచు పడి ఆ పురుగులు పోయేదాకా ఆగదు. మనుషులకి అంటదు గానీ వెళ్ళే ముందు ఆ కౌంటీలో ఒక్కొక్కరు ఎన్ని జింకల్ని కొట్టొచ్చో, ఆ లిమిట్ ఎంతుందో చూసుకోండి.

నా ఓటు సాల్ట్ ఫోర్క్‌కే. కేంబ్రిడ్జ్ దగ్గర, కొలంబస్ నుంచి ఐ-70 హైవే మీద గంటన్నర లోపే, రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద స్టేట్ పార్క్. లాడ్జ్ ఉంది, కిచెన్ ఉన్న కాటేజీలున్నాయి, పప్పు చారు వండుకోవచ్చు, బిగ్‌ఫుట్ బొమ్మలు చూసి పిల్లలు కూడా ఖుషీ. లాడ్జ్ చుట్టుపక్కల వేట కుదరదు, మ్యాప్‌లో అనుమతి ఉన్న భాగం చూసుకోవాలి, పబ్లిక్ స్థలం కాబట్టి మేత వెయ్యకూడదు, చెట్టుకి మేకులు కొట్టకూడదు. ఎండల్లో ఇక్కడి లాభమేంటంటే రోజంతా చెట్టు మీద మాడక్కర్లేదు, మధ్యాహ్నం ఏసీలో పడుకుని నాలుగింటికి వెళ్తే చాలు.

సాయంత్రం నీడ పడగానే చల్లగాలి వాలు మీద నుంచి కిందకి జారుతుంది, మన వాసన కూడా దాంతోపాటే పోతుంది, అందుకని గుట్ట మీద కాకుండా కింద, జింకలు దిగే దారికి వాగు దిగువ వైపు స్టాండ్ కట్టాం. ఏడు కావస్తుండగా రెండు ఆడజింకలు, చెవులతో దోమలు తోలుకుంటూ, నాలుగడుగులు వేసి ఆగుతూ వచ్చాయి. ముందుది వాగులో మూతి పెట్టి తాగి, తలెత్తి, తోక ఒక్కసారి ఆడించి పక్కకి తిరిగింది. మా వాడు అప్పటిదాకా ఆగి పద్దెనిమిది గజాల నుంచి వదిలాడు. బాణం ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోయింది, అరవై గజాల్లోపే పడిపోయింది.

దెబ్బ సరిగ్గా తగలకపోతేనే ఎండల్లో అసలు తలనొప్పి. పొట్టలో తగిలితే గంటల తరబడి ఆగి వెతకాలి, తెల్లారేదాకా ఆగితే మాంసం పాడైపోతుంది. అందుకే అనుమానంగా ఉన్న షాట్ వెయ్యొద్దని ముందే అనుకున్నాం. పడ్డ వెంటనే పేగులు తీసేసి, కడుపులో ఐస్ బ్యాగులు కుక్కి, తోలు కూడా ఆ రాత్రే ఒలిచేశాం, తోలుంటే లోపలి వేడి పోదు. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 4 సెల్సియస్) కిందకి ఎంత తొందరగా దించితే అంత మంచిది.

నవంబర్ రట్, అంటే మగజింకలు ఆడజింకల్ని తరుముకుంటూ తిరిగే జత కట్టే కాలం, దాని సంగతి వేరే, అది పగటి వెలుగు తగ్గడాన్ని బట్టి వస్తుంది, ఎండ కాసినా టైంకే వస్తుంది, కాకపోతే వేడి ఉంటే ఆ తరుముకోవడాలు కూడా రాత్రికే ఎక్కువ. అప్పటికి కాటేజీలు దొరకడం కష్టం, ఆగస్టులోనే బుక్ చేసుకోండి, ప్రాసెసర్‌కి కూడా ముందే ఫోన్ చేసి శని, ఆదివారాలు తీసుకుంటాడా, రాత్రి తొమ్మిదికి తెస్తే కూలర్‌లో పెడతాడా అని అడిగి పెట్టుకోండి.