అమ్మ సమాధికి రాయి: చీమకుర్తి రోడ్డు గ్రానైట్ షెడ్డులో మా అనుభవం

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్ళే రోడ్డు పక్కన గ్రానైట్ పలకలు నిలబెట్టిన షెడ్లు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒక చిన్న షెడ్డులో మా అమ్మ సమాధికి రాయి చేయించాం. ఇలాంటి పని మీద వెళ్ళినవాళ్ళకు ఏం అడగాలో తెలీదు, బేరమాడడానికి మనసొప్పదు, ఎదుటివాళ్ళు ఏం చెబితే దానికి సరే అనేస్తారు. అందుకే వివరంగా రాస్తున్నాను. పని బాగుంది. పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ మమ్మల్ని అడిగిన ప్రశ్నలు ఇంకా బాగున్నాయి.

ముందు అమ్మ గురించి చెప్పాలి, లేకపోతే ఆ ప్రశ్నల విలువ అర్థం కాదు. అమ్మది కందుకూరు వైపు పల్లె. మిషన్ బోర్డింగ్‌లో ఉండి చదువుకుంది, ట్రైనింగ్ చేసి ఎలిమెంటరీ స్కూల్ టీచరైంది. బడి, మేము ముగ్గురు పిల్లలం, డ్యూటీ నుంచి ఏ అర్ధరాత్రో వచ్చే నాన్న, వీటన్నిటి మధ్యా ఆదివారం సండే స్కూలు, బుధవారం స్త్రీల సమాజం, మే నెలలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ స్కూలు) ఏదీ మానలేదు. రిటైరయ్యాక షేర్ ఆటో ఎక్కి రామతీర్థం క్వారీల వైపు వెళ్ళి, పనివాళ్ళ పిల్లలకు సాయంత్రాలు అక్షరాలు దిద్దించేది. పలకలు, బలపాలు తన పెన్షన్‌లోంచే. ఆ పిల్లలు ఏ మతం అని ఆమె ఎప్పుడూ అడగలేదు. చదవడం వస్తే చాలు, ఏం చదువుకుంటారో వాళ్ళిష్టం అనేది.

ఇంట్లో పొయ్యి దగ్గర ఒక స్టీలు డబ్బా ఉండేది. అన్నం వండే ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి అందులో వేయాలి. డబ్బా నిండితే చర్చికి వెళ్ళేది, అక్కడినుంచి ఎవరింట్లో కష్టంగా ఉంటే వాళ్ళకు. చుట్టాలు ఎక్కువై బియ్యం తక్కువైన రోజు కూడా ఆ పిడికెడు ఆగలేదు. మేము మర్చిపోతే తిట్టేది కాదు, ఎసట్లో పోయకముందే గిన్నె పట్టుకుని వచ్చి మా పక్కన నిలబడేది. ఇప్పుడు మా చెల్లి ఇంట్లో అదే డబ్బా ఉంది, అదే పని జరుగుతోంది.

ఆమె ఎక్కువ కాలం తిరిగింది ఆ క్వారీల దారిలోనే కాబట్టి రాయి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీయే కావాలనుకున్నాం. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తూ ఉంటాయి కదా, అది. ఆ చుక్కలు రంగు వేసినవి కావు, రాయిలోనే ఉన్న బ్రాంజైట్ అనే ఖనిజం. అన్నయ్యేమో రాయి మీద అమ్మ ఫోటో లేజర్‌తో చెక్కించాలన్నాడు. మేస్త్రీ వద్దన్నాడు. గెలాక్సీ మీద ఫోటో చెక్కితే ఆ చుక్కలు ముఖం మీద మచ్చల్లా కనపడతాయట, ఫోటోకి మచ్చలేని నల్లరాయి కావాలట. అప్పటికే చెక్కి ఉన్న ఒక ముక్క ఎండలోకి తెచ్చి చూపించాడు. నిజమే. ఫోటో చెక్కితే అతనికి అదనంగా డబ్బులొచ్చేవి, అయినా వద్దన్నాడు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. చివరికి ఫోటో ముద్రించిన చిన్న సిరామిక్ పలక తెప్పించి రాయిలో గాడి తీసి అమర్చాడు.

తర్వాత రాతల సంగతి. ఈ షెడ్లలో తయారుగా నమూనాలు ఉంటాయి. పైన సిలువ, కింద 'శ్రీమతి', ఆ పక్కన భర్త పేరు, తేదీలు, తిమోతికి రాసిన రెండో పత్రికలోని పరుగు కడముట్టించానన్న వచనం. మా సమాధుల తోటలో సగం రాళ్ళ మీద అదే వచనం. అన్నయ్య మాత్రం ఒక తెల్లకాగితం నిండా రాసుకొచ్చాడు: ఏ బడుల్లో పనిచేసింది, సమాజంలో ఏ పదవులు, ఎన్నేళ్ళు. మేస్త్రీ అంతా ఓపికగా చదివి, "ఇన్ని అక్షరాలు పెడితే అన్నీ సన్నగా వస్తాయి సార్, తెలుగు వత్తులు పూడిపోతాయి. అమ్మగారి గురించి ఊళ్ళో ఒకే ఒక్క ముక్క చెప్పుకోవాలంటే ఏం చెప్పుకుంటారు?" అని అడిగాడు. అన్నయ్య దగ్గర, నా దగ్గర వెంటనే జవాబు లేదు. నాన్న, "టీచర్" అన్నాడు.

అప్పుడు మేము ఆ నమూనాను పక్కన పెట్టేశాం. అమ్మ పేరు పైన పెద్ద అక్షరాల్లో, దాని కింద 'టీచర్', ఆ తర్వాతే మిగిలినవి. భర్త పేరు ముందు లేకపోతే ఎలా అని చుట్టాల్లో కొందరు అన్నారు. నాన్నే ఒప్పుకున్నాక వాళ్ళేం మాట్లాడలేదు. నేను పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. ప్రతి జనవరి ఒకటిన తెల్లవారకముందే అమ్మ సండే స్కూలు పిల్లల్ని ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కించేది. 1854లో అదే రోజున అక్కడ అమెరికా మిషనరీలు జ్యూయెట్ దొర, దొరసాని ప్రార్థన చేశారని అందరూ చెబుతారు. అమ్మ అంతటితో ఆపేది కాదు. వాళ్ళతో పాటు మోకరించిన తెలుగువాళ్ళు నర్సు అనే ఆయన, జూలియా, రూతు అని ఒక్కొక్క పేరూ పిల్లల చేత చెప్పించేది. జూలియా, రూతు ఆడవాళ్ళని గుర్తుపెట్టుకోండి అనేది. పన్నెండేళ్ళ తర్వాత 1866లో క్లౌ దొర ఒంగోలు రావడం, పెద్ద కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించడం, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం, ఇవన్నీ కొండ దిగుతూ చెప్పేది. ఆ 2,222 మందిలో మనకు పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది అని ఒకసారి నన్నే అడిగింది. అలాంటి మనిషి రాయి మీద ఆమె పేరు రెండో వరసలో ఉండకూడదని నాకు గట్టిగా అనిపించింది.

వచనం సామెతలు 31వ అధ్యాయం నుంచి తీసుకున్నాం, దీనులకు చెయ్యి చాపే స్త్రీ గురించి చెప్పేది. పిడికెడు బియ్యం పెట్టిన చెయ్యికి అంతకన్నా సరిపోయేది దొరకలేదు.

ఇక నేను మర్చిపోలేనిది. అంతా ఖాయమయ్యాక మేస్త్రీ నాన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "పెద్దాయనా, ఏమీ అనుకోకపోతే ఒకటి అడగతా. రాయి ఒకరికా, ఇద్దరికా?" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. అమ్మ పక్కన నాన్న కోసం స్థలం ఉంచారని మా అందరికీ తెలుసు, మాలో ఎవరికీ నోరు రాలేదు. మేస్త్రీ కారణం కూడా చెప్పాడు: ఒకే దిమ్మలోంచి కోసిన రాయి అయితేనే చుక్కలు, నలుపు కలుస్తాయి, పదేళ్ళ తర్వాత తెచ్చి అతికితే తేడా తెలిసిపోతుంది. నాన్న కాసేపు రాయి మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. "ఇద్దరికే చెయ్యి నాయనా. నా వైపు ఇప్పుడేం రాయొద్దు. పాలిష్ మాత్రం రెండు వైపులా ఒకేలా పెట్టు" అన్నాడు. తర్వాత రాయి ఊడదీయకుండా అక్కడికే వచ్చి చెక్కుతామని మేస్త్రీ మాట ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న మనసు తేలికపడినట్టు మాట్లాడాడు. మేము దాచిపెట్టి మోస్తున్న టెన్షన్ ఆయనకు అంతకుముందే తెలుసని అప్పుడు అర్థమైంది.

పనితనం: అక్షరాలు స్టిక్కర్ కోసి శాండ్ బ్లాస్టింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి, లోతుగా తీశారు. చెక్కే ముందు కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీసి ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళి నలుగురి చేత చదివించమన్నాడు. మంచిదైంది, కంప్యూటర్ ఫాంట్‌లో ఒక వత్తు పక్క అక్షరం కిందకు జరిగిపోయింది, చెల్లి పట్టుకుంది. ఏ షాపులో చేయించినా ఈ ప్రింట్ అడిగి తీసుకోండి, సరిచూసి సంతకం పెట్టేదాకా రాయి ముట్టనివ్వకండి. అక్షరాల్లో బంగారు రంగు నింపితే బాగుంటుంది గానీ ఎండకు వెలుస్తుంది, కొన్నేళ్ళకోసారి మళ్ళీ వేయించాలి. ఈ సంగతి అతనే ముందు చెప్పాడు.

పునాది గురించి కూడా తెలుసుకోండి. మా వైపు సమాధుల తోటది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. భూస్థాపన అయిన వెంటనే రాయి పెడితే మట్టి దిగి పక్కకు ఒరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు అయిపోయాక రమ్మని మేస్త్రీ మమ్మల్ని వెనక్కి పంపాడు. వచ్చాక లోతుగా తీసి కాంక్రీటు బెడ్డు వేసి, దాని మీద ఇటుక కట్టి, ఆ పైన రాయి నిలబెట్టారు.

బాగాలేనివీ చెబుతాను. చెప్పిన తేదీకి ఇవ్వలేదు, చాలా రోజులు ఆలస్యమైంది. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే సరిగా ఎత్తేవాళ్ళు కాదు, అమ్మ జ్ఞాపకార్థ కూడికకు ఊళ్ళవాళ్ళందరికీ చెప్పి కూర్చున్న మాకు అది చాలా బాధ కలిగించింది. బిగించే కుర్రాళ్ళు పక్క సమాధి గట్టు మీద సిమెంటు చల్లి వదిలేశారు, మేమే కడుక్కున్నాం. రవాణా ఖర్చు ముందు చెప్పిన రేటులో లేదు.

తలరాయి, చుట్టూ పలకలు, ఫోటో పలక, పునాది, రవాణా అన్నీ కలిపి మాకు 48 వేలయింది. తలరాయి మూడు అంగుళాల మందం. ఇంతకన్నా తక్కువకు చేసే చోట్లు ఉన్నాయి, పలచటి పలక వాడతారు. రేటు అడిగేటప్పుడు మందం ఎంతో, పునాది, రవాణా కలిపో విడిగానో కాగితం మీద రాయించుకోండి. సగం అడ్వాన్స్ చాలు, మిగిలింది బిగించాక ఇవ్వండి. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర ప్రార్థనకు రాయి సిద్ధంగా ఉండాలంటే మాత్రం సంక్రాంతి లోపే ఆర్డర్ ఇవ్వాలి, ఆ తర్వాత వెళితే అందరి పనీ ఒకేసారి మీద పడి వాళ్ళు ఒప్పుకోరు.