పెసరట్టు బావుంది, సాంబారు వద్దు, మెట్లు రెండు

ముందు టిఫిన్ సంగతి. విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజార్‌కి దగ్గర్లో, సందులో, బోర్డు కూడా లేని చిన్న హోటల్. పెసరట్టు అంచులు కరకరలాడతాయి, అల్లం చట్నీ ఘాటుగా ఉంటుంది. సాంబారు మాత్రం ఉత్త నీళ్లు.

ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం వెళ్తున్నాం, నేనూ అన్నయ్యా. అన్నయ్యకి సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పుడు మెదడుకి ఆక్సిజన్ అందక కండరాలు చెప్పినమాట వినవు గానీ బుర్ర నాకంటే చురుకు, కావాలంటే క్రికెట్ స్కోర్లు అడిగి చూడండి. తింటుంటే చొంగ కారుతుంది. అది లాలాజలం ఎక్కువై కాదట, ఊరినది ఊరినట్టు మింగలేకపోవడం వల్లట. స్పీచ్ థెరపిస్టు ఈ ముక్క చెప్పేసరికి నా ఇంటర్ అయిపోయింది. అప్పటిదాకా ఆర్కే బీచ్‌కి వెళ్తే మూరీ మిక్చర్ పొట్లం పట్టుకుని పది అడుగులు ముందే నడిచేదాన్ని. ఒకసారి కురుసుర సబ్‌మెరైన్ దగ్గర క్లాస్‌మేట్ కనబడి "ఎవరే?" అంటే "పక్కింటివాళ్లబ్బాయి" అనేశాను. అన్నయ్య విన్నాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడూ టెన్షనే, మూల టేబుల్ వెతుక్కుని గోడవైపు కూర్చోబెట్టాను. ఓనరు వచ్చి అన్నయ్యనే అడిగాడు, "ఏటి బాబూ, ఏటి తింటావు?" అని. మిగతాచోట్ల అందరూ "ఆయనకేం కావాలమ్మా" అని నన్నడుగుతారు. అన్నయ్య "పెసరట్టు" అనడానికి చాలాసేపు పట్టింది, వెనక జనం ఉన్నా ఆయన అలాగే నిలబడ్డాడు, నేను చెప్పబోయి నోరు మూసుకున్నాను. కాసేపటికి చెయ్యి తగిలి స్టీలు గ్లాసు ఢమాల్న పడింది, నీళ్లన్నీ పక్కాయన చెప్పుల్లోకి. నా చెవులు వేడెక్కిపోయాయి. కుర్రాడొచ్చి గుడ్డతో తుడిచి వెళ్లాడు, పక్కాయన కాళ్లు దులుపుకుని మళ్లీ పేపర్లో పడ్డాడు. ఒక్కరూ "అయ్యో పాపం" అనలేదు, అదే నాకు నచ్చింది. పై వారం నుంచి అన్నయ్యకి చెవి ఉన్న కప్పులో సగానికే నీళ్లు పోసి ఇస్తున్నారు. మేం అడగలేదు.

లోపమంటే గుమ్మంలో రెండు మెట్లు. అన్నయ్య నా భుజం పట్టుకుని ఎక్కేస్తాడు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ల సంగతేంటి? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటువాళ్లకీ వర్తిస్తుందని చెప్తే ఓనరు చెక్క పలక వేయిస్తానన్నాడు, ఇంకా వేయలేదు. వెళ్లినప్పుడు మీరూ ఓ మాట అనండి.

తొమ్మిదిన్నర దాటితే అల్లం చట్నీ ఉండదు. మేం ఎనిమిదికల్లా గుమ్మం పక్క టేబుల్లో ఉంటాం. మూల టేబుల్ ఖాళీయే, పైగా అక్కడ ఫ్యాన్ గాలి బాగా తగుల్తుంది.