ముంబై గుల్షన్ మహల్‌లో సినిమా చరిత్ర: ఒక సమీక్ష

ముంబై పెడ్డర్ రోడ్డులో, ప్రభుత్వ డాక్యుమెంటరీ చిత్రాలు తీసిన ఒకప్పటి ఫిల్మ్స్ డివిజన్ ఆవరణలో ఉన్న భారతీయ సినిమా జాతీయ మ్యూజియం 2019 జనవరి 19న ప్రారంభమైంది. లతా మంగేష్కర్ నివసించిన ప్రభుకుంజ్ ఉన్నది కూడా ఈ రోడ్డులోనే కనుక టాక్సీ అతనికి దారి చెప్పడం కష్టం కాదు. శ్యామ్ బెనెగళ్ అధ్యక్షతన ఏర్పడిన సలహా సంఘం మార్గదర్శకత్వంలో, సుమారు 140 కోట్ల రూపాయల ఖర్చుతో రూపొందిన ఈ మ్యూజియానికి రెండు భవనాలున్నాయి. ఒకటి పంతొమ్మిదో శతాబ్దపు బంగళా గుల్షన్ మహల్. రెండోది అదే ఆవరణలో కట్టిన కొత్త భవనం. కొత్తదాని హంగులు ఎవరినైనా ఆకర్షిస్తాయి గాని, ముందు బంగళాలోకి వెళ్లాలన్నది నా సలహా.

ఒకప్పుడు సంపన్న కుటుంబం కాపురమున్న ఇల్లు అది. సినిమా పుట్టుక, మూకీలు, మాటలు రావడం, స్టూడియోల కాలం, రెండో ప్రపంచయుద్ధం, నవ్య సినిమా వంటి తొమ్మిది విభాగాలుగా అక్కడ కథ నడుస్తుంది. ఒక గది దాటి మరో గదిలోకి అడుగుపెడుతూ చరిత్ర తెలుసుకునే పద్ధతి ఆ ఇంటికి బాగా నప్పింది.

అన్నిటికన్నా నాకు నచ్చినది సినిమా పుట్టుకను వివరించే విభాగం. జోయెట్రోప్ అనే పరికరం సంగతే చూడండి. పరుగెత్తే గుర్రాన్నో, దూకే మనిషినో ఒక్కొక్క భంగిమలో కొద్దికొద్ది మార్పుతో గీసిన బొమ్మల పట్టీని గుండ్రటి డబ్బా లోపల అమరుస్తారు. డబ్బా గోడకు పైభాగంలో సన్నని చీలికలు ఉంటాయి. డబ్బా తిరుగుతున్నప్పుడు పైనుంచి తొంగిచూస్తే బొమ్మలన్నీ అలుక్కుపోయి కనిపిస్తాయి. కాస్త వంగి చీలికల గుండా చూస్తే మాత్రం గుర్రం పరుగు అందుకుంటుంది. ఒక్కో చీలిక కంటి ముందు నుంచి సాగిపోయే క్షణంలో ఒక్క బొమ్మే కనబడి, వెంటనే డబ్బా గోడ అడ్డం పడుతుంది. ఆ అడ్డు లేకపోతే కదలిక అన్న భ్రమే కలగదు. తర్వాతి కాలంలో ప్రొజెక్టర్‌లోని షట్టర్ చేసిన పనీ ఇదే: ఒక ఫ్రేము జరిగి మరొకటి వచ్చి నిలిచేలోగా వెలుతురును ఆపడం. ఈ ఒక్క విషయం పిల్లలకు ఒంటబడితే, గోడల మీద రాసినదంతా చదవకపోయినా నష్టమేమీ లేదు.

మూకీల విభాగం చూసేటప్పుడు మనం నిలబడిన ఊరిని గుర్తుంచుకోవాలి. ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరుల చిత్రాలను 1896 జులై 7న ఈ నగరంలోనే, వాట్సన్ హోటల్‌లో ప్రదర్శించారు. ఆ భవనం శిథిలావస్థలో కాలా ఘోడా దగ్గర ఇంకా నిలిచే ఉంది. దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ 1913 మే 3న ఇక్కడి కోరొనేషన్ సినిమాలో విడుదలైంది. అందులో హరిశ్చంద్రుడి భార్య తారామతి వేషం కట్టినది సాలుంకే అనే పురుషుడు. నాటకాల్లో స్త్రీ వేషాలు మగవారే వేయడం చూసిన మన పెద్దలకు ఇది వింతగా తోచకపోవచ్చు. మన దేశంలో తయారైన మూకీలు వెయ్యికి పైబడినా, వాటిలో అత్యధిక భాగం ఇప్పుడు లేదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది, అంటుకోకపోయినా కాలక్రమంలో పొడిగా రాలిపోయేది. రఘుపతి వెంకయ్య కుటుంబం మద్రాసులో నిర్మించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఈరోజు చూద్దామన్నా దొరకదు.

టాకీల విభాగం మరింత నెమ్మదిగా చూడదగినది. 1931 మార్చి 14న విడుదలైన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’కు శబ్దాన్ని బొమ్మతోపాటే అదే ఫిల్ము మీద ముద్రించారు. పాటను ముందే రికార్డు చేసుకుని చిత్రీకరించే ప్లేబ్యాక్ అన్నది లేదు కనుక వాద్యకారులు కెమెరాకు కనబడకుండా నక్కి వాయించవలసి వచ్చేది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో చిత్రీకరణ ఎక్కువగా రైళ్లు తిరగని అర్ధరాత్రి వేళల్లో సాగింది. మన తెలుగు టాకీ పుట్టింది కూడా ఈ నగరంలోనే. ‘ఆలం ఆరా’ తీసిన అర్దేషిర్ ఇరానీ దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, సురభి కళాకారులు నటించిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోనే మొదట విడుదలైంది. ‘ఆలం ఆరా’లోనూ, తమిళుల ‘కాళిదాస్’లోనూ, మన ‘ప్రహ్లాద’లోనూ చిన్నచిన్న వేషాలు వేసిన కుర్రవాడే తర్వాతి కాలపు ఎల్.వి. ప్రసాద్. ఈ సంగతులు ముందే తెలుసుకుని వెళ్లిన తెలుగువాడు అక్కడ రెట్టింపు చూస్తాడు.

యుద్ధకాలపు విభాగాన్ని చాలామంది త్వరగా దాటిపోతారేమో గాని, ముడి ఫిల్ము కొరత వల్ల 1942లో సినిమా నిడివిని 11,000 అడుగులకు పరిమితం చేశారన్నది గుర్తుంచుకుంటే అక్కడ ఆగాలనిపిస్తుంది. అంటే రెండు గంటలకు కాస్త అటూఇటూ. ఇప్పటి మూడు గంటల చిత్రాలకు అలాంటి ఆంక్ష ఉంటే బాగుండునని నాబోటి ప్రేక్షకుడు అనుకుంటే తప్పు పట్టకండి.

కొత్త భవనంలో నాలుగు ప్రదర్శనశాలలు ఉన్నాయి. గాంధీజీ, సినిమా అన్న అంశానికి ఒక శాల కేటాయించడం మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. మద్రాసు న్యాయవాది రంగాచారి అధ్యక్షత వహించిన సినిమాటోగ్రాఫ్ కమిటీ 1927లో ప్రశ్నలు పంపితే, తాను ఎన్నడూ సినిమాకు వెళ్లలేదని జవాబిచ్చిన మనిషి ఆయన. అలాంటి మనిషి తెర మీద ఎన్ని రూపాలలో కనిపించాడో తెలుసుకోవడానికి ఆ శాల ఉపయోగపడుతుంది. పిల్లల స్టూడియో పేరుకు తగ్గట్టే పిల్లలది. సాంకేతికత శాలలో కెమెరా, శబ్దం, ఎడిటింగ్ ఎలా మారుతూ వచ్చాయో వరుసగా తెలుస్తుంది. రీలు డబ్బాలు మోసిన తరానికీ, ఫోనులో సినిమా తీసే తరానికీ మాటలు కలిసే చోటు అదే.

భారతదేశమంతటి సినిమాకు ఉద్దేశించిన శాల విషయంలో మాత్రం ఆశలు కాస్త తగ్గించుకోవడం మంచిది. మ్యూజియం సేకరణలో శివాజీ గణేశన్ కట్టబొమ్మన్‌గా ధరించిన కవచం, ఎం.జి. రామచంద్రన్ తొడుక్కున్న ఎర్రకోటు ఉన్నాయి. ఇన్ని భాషల చరిత్రను ఒక్క శాలలో చెప్పబూనుకుంటే ఏ భాషవారికైనా కొంత వెలితిగానే ఉంటుంది. స్టూడియోలో కృత్రిమంగా వెన్నెల కురిపించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పనితనానికే విడిగా ఒక గది కావాలి! అది బొంబాయివారు కట్టవలసిన గది కాదు, మనం కట్టుకోవలసినది.

సోమవారం సెలవు. టికెట్టు ధర ఏ సినిమాహాలు టికెట్టుతో పోల్చినా చాలా తక్కువ. రెండు భవనాలూ తీరికగా చూడాలంటే కనీసం ఒక పూట కావాలి. ముందు గుల్షన్ మహల్‌తో మొదలుపెట్టండి, పిల్లలు వెంట ఉంటే కొత్త భవనంలోని వారి స్టూడియోను చివరికి ఉంచుకోండి, లేకపోతే వాళ్లు అక్కణ్ణుంచి ఓ పట్టాన కదలరు.