ది మపెట్ షో: ఏ అతిథితో మొదలుపెట్టాలి

జిమ్ హెన్సన్ తయారుచేసిన బొమ్మలు, ఎపిసోడ్‌కొక అతిథితో కలిసి ఆటపాటలు చేసే పాత టీవీ షో ఇది. మొదటి సీజన్‌తో మొదలుపెట్టకండి. 1976 నుంచి 1981 దాకా ఐదు సీజన్లు, సీజన్‌కి 24 చొప్పున మొత్తం 120 ఎపిసోడ్లు వచ్చాయి. మొదటి సీజన్ నాటికి బొమ్మలు ఇంకా కుదురుకోలేదు. పంది బొమ్మ మిస్ పిగ్గీ గొంతు అన్నిచోట్లా ఒకరిది కాదు, బొమ్మలాడించే ఫ్రాంక్ ఆజ్‌కి స్థిరపడింది తర్వాతే. గోంజో అనే బొమ్మకి రెప్పలు ఆడవు కాబట్టి ఎప్పుడు చూసినా ఏడుపు ముఖమే. రెండో సీజన్‌కి రెప్పలు కదిలేలా మార్చాక గానీ ఆ బొమ్మలో హుషారు రాలేదు. కాబట్టి ముందు రెండు, మూడు సీజన్లు చూసి, పాత్రలు అలవాటయ్యాక వెనక్కి రండి.

ఒక్క నటి రీటా మొరేనో ఎపిసోడ్ మాత్రం ఎప్పుడైనా చూడొచ్చు. ఆమె ‘ఫీవర్’ పాటను మెల్లగా, మత్తుగా పాడుతుంటే వెనక డ్రమ్స్ దగ్గరున్న యానిమల్ అనే బొమ్మ ప్రతి ఖాళీలోనూ దబదబా వాయించేస్తుంది. ఆమె పాట ఆపి స్పానిష్‌లో చీవాట్లు పెడుతుంది, మళ్లీ అదే మత్తు గొంతుతో అందుకుంటుంది. చివరికి రెండు సింబల్స్ (పళ్లేల్లాంటి పెద్ద ఇత్తడి తాళాలు) మధ్య యానిమల్ తల పెట్టి మోగించేస్తుంది. ఈ ఎపిసోడ్‌కే ఆమెకు 1977లో ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది.

అతిథి ఎంత పెద్ద స్టార్ అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అతిథి చూపు ఎక్కడుందో గమనించండి. లండన్ దగ్గరి ఎల్‌స్ట్రీ స్టూడియోలో సెట్లు ఎత్తుగా కట్టేవాళ్లు. బొమ్మలాడించేవాళ్లు కింద నిలబడి చేయి తలపైకెత్తి, మానిటర్ చూస్తూ ఆడిస్తారు. మానిటర్‌లో అద్దంలోలా కాక కెమెరాకు కనిపించినట్టే కనిపిస్తుంది కాబట్టి కుడిఎడమలు తేలిగ్గా తారుమారవుతాయి. వాళ్లు ఇంత కష్టపడి బొమ్మ చూపు నిలబెట్టాక, అతిథి ఒక్కసారి కిందికి చూశాడంటే బొమ్మ కాస్తా గుడ్డపేలిక అయిపోతుంది. మొరేనో కళ్లు యానిమల్‌ని దాటి కిందికి పోవు. అంతా అక్కడే ఉంది.

వంటవాడి బొమ్మ స్వీడిష్ షెఫ్ చేతులు కూడా దగ్గరగా చూడండి. అవి బొమ్మ చేతులు కావు, ఫ్రాంక్ ఆజ్ సొంత చేతులు. తల, గొంతు జిమ్ హెన్సన్‌వి. చేతులు గిన్నెలూ గరిటెలూ విసిరేస్తుంటే తల కంగారుపడటంలో నటన కొంతే.

రెండో సీజన్‌లో నురెయెవ్ ఎపిసోడ్ తప్పనిసరి. అంతటి బ్యాలే కళాకారుడు మనిషంత పంది బొమ్మతో నాట్యం చేస్తూ ఒక్క అడుగు కూడా తేలిగ్గా వేయడు, అందుకే నవ్వొస్తుంది. హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ ఎపిసోడ్ పద్ధతే వేరు. ఆ రోజు షో రద్దు, కొత్తవాళ్లకు ఆడిషన్లు అన్నది కథ. అందుకని మామూలుగా వేసే రికార్డు నవ్వులు తీసేశారు. వినిపించేవి అక్కడ పనిచేస్తున్నవాళ్ల నవ్వులు. మిగతా ఎపిసోడ్లలో ఆ రికార్డు నవ్వు నిజంగా విసిగిస్తుంది, ఈ షోకి అదే పెద్ద లోపం.

అన్నిటికంటే పైన మూడో సీజన్‌లో గాయకుడు హ్యారీ బెలాఫాంటే. ‘టర్న్ ద వరల్డ్ అరౌండ్’ పాటకు ఆఫ్రికా ముసుగుల తరహా బొమ్మలు ప్రత్యేకంగా చేశారు. అందులో వెక్కిరింత ఎక్కడా లేదు. హెన్సన్ పోయాక 1990లో స్మారక సభలోనూ బెలాఫాంటే ఇదే పాట పాడారు.

ఐదో సీజన్‌లో డ్రమ్మర్ బడ్డీ రిచ్‌తో యానిమల్ డ్రమ్స్ పోటీ చెవులతో చూడాలి. యానిమల్ తరఫున వాయించింది రానీ వెరెల్.

కొనేముందు ఒక మాట. డీవీడీ సెట్లు మొదటి మూడు సీజన్లకే వచ్చాయి. పాటల హక్కులు కుదరక మొదటి సెట్‌లో కొన్ని పాటలు కోసేశారు, ఆ కోత తెలిసిపోతుంది. 2021లో డిస్నీ ప్లస్‌లో ఐదు సీజన్లూ పెట్టినప్పుడు కూడా బ్రూక్ షీల్డ్స్, క్రిస్ లాంగమ్ ఎపిసోడ్లు లేవు. ఇంగ్లండ్‌లో ప్రకటనల సమయం తక్కువ కాబట్టి అక్కడి ప్రసారంలో దాదాపు రెండు నిమిషాల అదనపు పాట ఉండేది. రెండు కాపీలు దొరికితే ఆ పాట ఉన్నదే తీసుకోండి.