బీపీ-షుగర్ టీమ్ క్లినిక్: తొమ్మిది నెలలు తిరిగాక నా అభిప్రాయం

"మీకు పొద్దున అంటే ఎన్ని గంటలకు సార్?"

మొదటి రోజు సిస్టర్ అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఇది. నాకు వెంటనే అర్థం కాలేదు. నా చీటీలో ప్రతి బీపీ మాత్ర పక్కనా "ఉదయం 1" అని రాసి ఉంది. నేను ప్రెస్సులో ఆఫ్‌సెట్ ప్రింటింగ్ మెషీన్ మీద 26 ఏళ్లుగా రాత్రి షిఫ్టు చేస్తున్నాను. పొద్దున ఆరున్నరకు ఇంటికొచ్చి, కాస్త ఏదైనా తిని, మాత్రలు వేసుకుని పడుకుంటాను. ఆ మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేది. వేసుకున్నానంటే గంటకోసారి లేవాల్సిందే, ఇక నిద్ర ఉండదు. అందుకని వారంలో నాలుగు రోజులు దాన్ని వదిలేసేవాణ్ని. ఈ సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. బీపీ తగ్గలేదని ప్రతిసారీ మోతాదు పెంచుతూ వచ్చారు, నేను ప్రతిసారీ కొత్త చీటీ తెచ్చుకుంటూ వచ్చాను.

సిస్టర్ ఫైలులో "ఉదయం" అన్నచోట కొట్టేసి "నిద్ర లేచాక, మధ్యాహ్నం 3" అని రాసింది. అంతే. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ మాత్ర ఒక్కరోజు తప్పలేదు.

నా వయసు 57. షుగరు వచ్చి 12 ఏళ్లు, బీపీ వచ్చి 6 ఏళ్లు. మూత్రపరీక్షలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్), క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపే వ్యర్థం) నిష్పత్తి 30 లోపు ఉండాల్సింది 86 వచ్చింది. అప్పుడు షుగరు డాక్టరు గారు నన్ను ఈ క్లినిక్‌కు పంపించారు. కిడ్నీ మీద ఒత్తిడి మొదలైందని, ఇక షుగరుతో సమానంగా బీపీనీ పట్టించుకోవాలని చెప్పారు. ఇక్కడ ఒక డాక్టరు, ఒక సిస్టర్, ఒక ఫార్మసిస్టు, ఒక డైటీషియన్ కలిసి పనిచేస్తారు. నలుగురికీ ఒకటే ఫైలు. ఒకరు రాసింది మిగతా ముగ్గురూ చదువుతారు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే.

మొదటి విజిట్‌కు మూడు గంటలు పట్టింది. సిస్టర్ నన్ను ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టింది. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. తర్వాత టేపు తెచ్చి నా దండ (మోచేతికి పైభాగం) చుట్టుకొలత తీసింది. 35 సెంటీమీటర్లు. ఇంటి నుంచి తీసుకెళ్లిన నా బీపీ మెషీన్ పట్టీ మీద 22 నుంచి 32 వరకని అచ్చయి ఉంది. అన్నేళ్లలో దాన్ని నేను చదవనే లేదు. దాంతో చూస్తే 167/96. క్లినిక్ వాళ్ల పెద్ద పట్టీతో చూస్తే 158/92. పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. ప్రెస్సులో రంగు తేడా కొడితే మేం ముందు రంగు కొలిచే డెన్సిటోమీటరు సరిగ్గా ఉందో లేదో చూస్తాం, ఆ తర్వాతే ఇంకు జోలికి వెళతాం. అదే పద్ధతి నా ఒంటి విషయంలో పాటించిన మొదటి మనిషి ఈ సిస్టర్. 158 కూడా ఎక్కువే, కాదనను. కానీ అక్కణ్నుంచి మొదలుపెట్టడం వేరు, 167 అనుకుని మొదలుపెట్టడం వేరు.

తర్వాత ఫార్మసిస్టు గది. వాడే మందులన్నీ తెమ్మంటే చీటీలు చాలనుకున్నాను. మా ఆవిడ మాత్రం డ్రాయరులో ఉన్నవన్నీ ఒక సంచిలో వేసి తెచ్చింది. ఫార్మసిస్టు చిన్న వయసు అమ్మాయి. సంచి బల్ల మీద కుమ్మరించి, ఒక్కో స్ట్రిప్పూ తిప్పి, పెద్ద అక్షరాల పేరు వదిలేసి కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివింది. రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి, "రెండు పేర్ల చివరా చూడండి సార్" అంది. ఒకటి టెల్మిసార్టన్, రెండోది లోసార్టన్. ఒకటి షుగరు డాక్టరు రాసింది, ఇంకోటి బీపీ కోసం విడిగా చూపించుకున్న డాక్టరు రాసింది. రెండూ ఒకే జాతి మందులు, కలిపి వాడాల్సినవి కావు. ఇద్దరూ మంచి డాక్టర్లే. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు, అంతే జరిగింది.

ఆ సంచిలోనే ఇంకోటి దొరికింది. రాత్రంతా నిలబడి చేసే పని కాబట్టి మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకునేవాణ్ని, దాదాపు రోజూ. మందుల షాపులో అడిగి కొనుక్కునేది కాబట్టి నా లెక్కలో అది మందే కాదు. ఆ అమ్మాయి కాగితం మీద కిడ్నీ బొమ్మ గీసి చెప్పింది. నొప్పి మాత్ర ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి బీపీ పెంచుతుంది, బీపీ మందుల పనికి అడ్డం పడుతుంది. దానికి తోడు కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని బిగిస్తుంది. సార్టన్ మందు రక్తం బయటికి పోయే దారిని వదులు చేస్తుంది. నీరు తీసే మాత్ర అసలు వచ్చే రక్తాన్నే తగ్గిస్తుంది. ఒక్కోదాన్నీ విడిగా తట్టుకోగల కిడ్నీకి ఈ మూడూ ఒకేసారి వచ్చిపడితే వడపోతకు కావలసిన ఒత్తిడి నిలవదు. చెప్పడం అయిపోగానే లేచి పక్క గదిలో డాక్టరు గారి దగ్గరికి వెళ్లింది. అరగంటలో నా రక్తం తీశారు. పొటాషియం ఉండాల్సినదానికంటే ఎక్కువగా 5.6 ఉంది, క్రియాటినిన్ కూడా కొద్దిగా పెరిగింది.

పొటాషియం అంత ఎందుకుందో పూర్తిగా తేలింది మాత్రం డైటీషియన్ దగ్గర. ఉప్పు తగ్గించమంటారని నేను సంవత్సరం ముందే సోడియం తక్కువ ఉండే ఉప్పుకు మారాను. మంచి పని చేశాననే అనుకున్నాను. అలాంటి ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తగ్గించి దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చాలామందికి అది మేలే చేస్తుంది. సార్టన్ మందులు వాడుతూ, కిడ్నీ దెబ్బతినడం మొదలైనవాళ్లకు మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఆ మందులే పొటాషియాన్ని బయటికి పోనివ్వకుండా ఒంట్లో పట్టి ఉంచుతాయి. ఆవిడ ఆ ఉప్పు మాన్పించి, మామూలు ఉప్పే అన్నిట్లో కలిపి రోజుకు 5 గ్రాములు దాటకుండా చూసుకోమన్నారు. ప్యాకెట్ల మీద సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుందని నేర్పారు. షిఫ్టులో నేను తినే ప్యాకెట్ల లెక్క వేస్తే నా వాటాలో సగం అక్కడే అయిపోతోంది.

అన్నీ విన్నాక డాక్టరు గారు లోసార్టన్ ఆపించారు. టెల్మిసార్టన్‌నూ, వేరే జాతి బీపీ మందైన ఆమ్లోడిపిన్‌నూ కలిపిన ఒకే మాత్ర రాశారు. నీరు తీసేది నిద్ర లేచాక. డైక్లోఫెనాక్ బంద్, మోకాళ్లకు పారాసెటమాల్, ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు. పది రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే పొటాషియం 4.7కు దిగింది. మాత్రల సంఖ్య తగ్గి బీపీ కూడా తగ్గడం ఆరేళ్లలో నాకు ఇదే మొదటిసారి.

లక్ష్యం 130/80 లోపు అన్నారు. ఇంకా కిందికి ఎందుకు వద్దని అడిగాను. 2024లో వచ్చిన బీప్రోడ్ అనే చైనా పరిశోధన గురించి అప్పటికే చదివి ఉన్నాను. దాదాపు 12,800 మంది షుగరు రోగుల్లో పై అంకె 120 లోపు పెట్టినవాళ్లకు, 140 లోపు పెట్టినవాళ్లకంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి 21 శాతం తగ్గాయి. డాక్టరు గారు విసుక్కోలేదు. 2010లో అకార్డ్ పరిశోధనలో కూడా ఇవే రెండు లక్ష్యాలు పెట్టి 4,733 మందిని చూశారని, అందులో పక్షవాతం తగ్గినా మొత్తం మీద స్పష్టమైన మేలు కనిపించలేదని, మందుల వల్ల ఇబ్బందులు పెరిగాయని చెప్పారు. బీప్రోడ్‌లోనూ బీపీ మరీ పడిపోవడం, పొటాషియం పెరగడం ఎక్కువే కనిపించాయట. నాకు ఆ రెండో భయం ముందే ఉంది కదా. అందుకని ముందు 130 లోపు నిలబెడదాం, తర్వాత ఆలోచిద్దాం అన్నారు. నా ప్రశ్నకు నా రక్తపరీక్ష కాగితం చూసి జవాబు చెప్పడం నాకు ఎంతో నచ్చింది. షుగరు ఉన్నవాళ్లకు బీపీ తగ్గిస్తే మేలని 1998లోనే బ్రిటన్ పరిశోధన ఒకటి తేల్చింది. 154/87 దగ్గర ఆగినవాళ్లకంటే 144/82కు దిగినవాళ్లలో పక్షవాతం 44 శాతం తక్కువ. ఆ పది పాయింట్లు ఎంత పని చేస్తాయో ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే ఆ నీళ్ల మాత్రను అంత తేలిగ్గా వదిలేసేవాణ్ని కాదు.

ఇంటి దగ్గర లేవగానే, మాత్రకు ముందు, నిమిషం తేడాతో రెండుసార్లు బీపీ చూసుకుంటాను. షిఫ్టుకు బయల్దేరేముందు మళ్లీ రెండుసార్లు. వారానికోసారి ఫార్మసిస్టు అమ్మాయి ఫోన్ చేసి అంకెలు రాసుకుంటుంది, అవసరమైతే డాక్టరును అడిగి మోతాదు మారుస్తుంది. 2008లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. బీపీ ఇంట్లో చూసుకుంటూ, ఇంటర్నెట్ ద్వారా ఫార్మసిస్టు సాయం అందినవాళ్లలో ఏడాదికి 56 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చింది, మామూలు వైద్యంలో 31 శాతం మందికే. నా అనుభవం చూశాక ఆ తేడా నమ్మశక్యంగానే ఉంది. రెండు విజిట్ల మధ్య మూడు నెలల్లో నా బీపీ ఎలా ఉందో అడిగే మనిషి ఇంతకుముందు ఎవరూ లేరు.

ఐదో నెలలో ఒక చిక్కు వచ్చింది. మోతాదు పెంచిన వారానికి మెషీన్ మెట్లెక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. మర్నాడు ఫోన్ చేస్తే సిస్టర్ కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూడమంది. పై అంకె 22 పడిపోయింది. 20 దాటితే పట్టించుకోవాలట. షుగరు చాలాకాలం ఉంటే నరాలు దెబ్బతిని, నిలబడగానే బీపీ నిలబెట్టుకునే శక్తి తగ్గుతుందని చెప్పింది. ఆ రోజే మోతాదు తగ్గించారు. తిరిగే మెషీన్ పక్కన పనిచేసే నాకు ఆ ఒక్క ఫోన్ ఎంత ముఖ్యమో చెప్పలేను.

నచ్చనివీ ఉన్నాయి. ఆరో నెలలో సిస్టర్ మారింది. కొత్తావిడ మంచిదే, కానీ ఫైలు చేతిలో పెట్టుకుని అన్నీ మొదటి నుంచి అడిగింది. డైటీషియన్ ఇచ్చిన మొదటి చార్టు పగటి పని చేసేవాళ్లది. చెప్పాక మార్చి ఇచ్చారు, అయితే అప్పటికి నెల గడిచింది. కంటి పరీక్ష వేరేచోట. ఆ రిపోర్టు వీళ్ల ఫైలులోకి దానంతటది రాదు, నేనే మోసుకెళ్లాలి. బీపీ, షుగరు రెండూ కళ్లను కూడా తినేస్తాయని చెప్పే క్లినిక్ ఈ లోటు సరిచేసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఫోన్ లైను. సాయంత్రం ఐదుకు మూసేస్తారు. నాకు కళ్లు తిరిగింది రాత్రి రెండింటికి. పక్కనున్న కుర్రాడు పట్టుకుని కూర్చోబెట్టాడు, తెల్లారేదాకా అలాగే గడిపాను. రాత్రి పని చేసేవాళ్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఇలాంటి వేళ ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు ఇంటి సగటు 128/76. ఆల్బుమిన్ నిష్పత్తి 86 నుంచి 41కి దిగింది. షుగరు, బీపీ రెండూ ఉండి, ఇద్దరు ముగ్గురు డాక్టర్ల చీటీలు పట్టుకు తిరుగుతున్నవాళ్లు తప్పకుండా ఇలాంటి చోటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు నొప్పి మాత్రలు, పౌడర్లు, వంటింట్లో ఉప్పు ప్యాకెట్టుతో సహా సంచిలో వేసుకెళ్లండి. మీ అంతట మీరు దేన్నీ ఆపొద్దు, ఆ బల్ల మీద పెట్టి వాళ్లను చూడనివ్వండి.

రాత్రి లైను కావాలని రాసిచ్చాను, చూస్తామన్నారు. అది వచ్చేదాకా 5కు 4.