పరుగెత్తే తల్లికి మూడు చక్రాల స్ట్రాలర్

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సాధన చేస్తూ, ఏడాది నిండిన పాపను ఇంట్లో వదిలి వెళ్లే వీలు లేక కొన్న ఈ జాగింగ్ స్ట్రాలర్ (పాపను కూర్చోబెట్టి తోసుకుంటూ పరుగెత్తే బండి), తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద నాకు నిజంగా చేదోడుగా నిలిచింది. గాలి నింపే పెద్ద టైర్లు, వెనుక చక్రాల దగ్గరి స్ప్రింగులు గతుకుల అదురును చాలావరకు పాప దాకా రానివ్వవు. పరుగు మొదలుపెట్టే ముందు ముందుచక్రాన్ని లాక్ చేయడం మాత్రం తప్పనిసరి. దాన్ని అటూ ఇటూ తిరిగేలా వదిలేస్తే, వేగంలో చిన్న రాయి తగిలినా బండి పక్కకు లాగి ఒరిగిపోయే ప్రమాదం ఉంది. హ్యాండిల్‌కున్న పట్టీని మణికట్టుకు తగిలించుకుంటే, వాలులో చేయి జారినా బండి మన అధీనంలోనే ఉంటుంది. భుజాల దగ్గర బెల్టు పాపకు ఒరుసుకోకుండా మెత్తగా ఉంది.

బరువే దీని పెద్ద లోపం. లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో రోజూ పైకి మోయడం కష్టం, మడిచినా చిన్న కారు డిక్కీ మొత్తం నిండిపోతుంది. పసిబిడ్డకు మెడ నిలిచినంత మాత్రాన ఇందులో కూర్చోబెట్టి పరుగెత్తకూడదు; సాధారణంగా 6 నుంచి 8 నెలలు నిండేదాకా ఆగమంటారు, అప్పుడైనా పిల్లల వైద్యులను అడిగాకే మొదలుపెట్టాలి. చేతులు ఊపే వీలు తగ్గుతుంది కనుక, వేగం పెంచే సాధనను ఒంటరి పరుగులకే ఉంచుకుని, దీనితో నెమ్మదిగా సాగే దూరాలే పరుగెత్తుతున్నాను.